డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారి జీవితము

మన పాఠశాలలో వారమున కొకమాఱు మధ్యాహ్న భోజనానంతరము పిల్లలకు నీలిరంగు మాత్ర యొకటి పంచిపెట్టుట తల్లిదండ్రు లెఱిగిన విషయమే. ఆఱవ తరగతి మొదలుకొని పై తరగతులవారి కందఱికిని దీని నిత్తురు. కొందఱు నీళ్లతో మ్రింగుదురు. కొందఱు నాలుక క్రింద దాచుకొని, ఉపాధ్యాయుడు తరువాతి వరుసకు పోగానే కిటికీనుండి వెలుపలికి విసరివేయుదురు. కిటికీ క్రిందనున్న కానుగచెట్టు మొదట నేనొకనాడు పదునాలుగు మాత్రలు లెక్కించితిని. ఆ చెట్టునకు రక్తహీనత గలదని యెవ్వరును చెప్పగా వినలేదు.

ఆ మాత్రయందు ఇనుముతోపాటు ఫోలిక్ ఆమ్లమను పదార్థము అర మిల్లిగ్రాము మాత్రము గలదు. అనగా ఆవగింజ బరువులో కొద్దిపాలు. ఇంత స్వల్పమైన వస్తువు లేకున్నచో మనుష్యుని దేహములో పుట్టవలసిన కణములు పుట్టవు. పుట్టినవి పెరిగి తాము కావలసినవి కానేరవు. దీనిని ప్రయోగశాలలో నిర్మించిన బృందమునకు పెద్దగానుండినవాడు తెలుగువాడు. దానిని దేహమునకు అందనీయని రోగముచేతనే ఆయన సోదరు లిద్దఱు మరణించిరి. ఆయన చరిత్రము మన పిల్లలు తెలిసికొనదగినదని తలచి యీ వ్యాసము వ్రాయుచున్నాను.

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 సంవత్సరము జనవరి 12వ తేదీన గోదావరీ ప్రాంతమునందలి భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు, తల్లి వెంకమ్మగారు. ఏడుగురు సంతానములో నీయన నాల్గవవాడు. తండ్రి చిన్న సర్కారు ఉద్యోగి. అనారోగ్యముచే ముందుగానే పని విడువవలసివచ్చుటచే ఇంట లేమి యుండెను. బాలుడు చదువునందు శ్రద్ధగలవాడు కాడు. పదుమూడేండ్ల ప్రాయమున కాశికి పాఱిపోయి యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింపదలచెననియు, తల్లి వెనుకకు రప్పించి బడికి పంపెననియు చెప్పుదురు. మెట్రిక్యులేషను పరీక్షయందు రెండుమాఱులు తప్పి మూడవమాఱు మద్రాసులోని హిందూ హైస్కూలునుండి కృతార్థుడయ్యెను. మన పదియవ తరగతి పిల్లలలో నొకమాఱు తప్పగానే పుస్తకములు కట్టిపెట్టువారున్నారు గనుక ఈ సంగతి దాచక వ్రాసితిని.

తరువాత ప్రెసిడెన్సీ కళాశాలలో చదివెను. సన్న్యసింపవలెనని కొంతకాలము మనస్సు పడెను గాని, వైద్యవిద్య నభ్యసించి రోగులకు సేవచేయుట మేలని పెద్దలు చెప్పగా మద్రాసు వైద్య కళాశాలలో చేరెను. మిత్రులును, అనంతరము మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తిగారును ధనసహాయము చేసిరి. ఆ దినములలో గాంధీగారి పిలుపు విని ఈయన శస్త్రచికిత్సాగదిలో ఖద్దరు దుస్తులు ధరించెను. అది ఆంగ్లేయుడైన శస్త్రవైద్య ఆచార్యునికి గిట్టలేదు. తుదకు ఈయనకు ఎమ్.బి.బి.ఎస్. పట్టమునకు బదులు దానికంటె తక్కువదగు ఎల్.ఎమ్.ఎస్. లభించెను. మన కడప, జమ్మలమడుగు ప్రాంతములలో ఎల్.ఎమ్.ఎస్. అనగానే లండన్ మిషను జ్ఞప్తికి వచ్చును, ఇది వైద్యపట్టము. ఆ చిన్న పట్టము కారణముగా ప్రభుత్వ వైద్యశాఖలో కొలువు దొరకక, డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రము బోధించుచుండెను.

ఈ కాలమునకే ఆ యింట గొప్ప విపత్తు సంభవించి యుండెను. స్ప్రూ అను గ్రహణి వ్యాధి సోకి అన్న పురుషోత్తమును, తమ్ముడు కృష్ణమూర్తియు కొలది దినముల యెడములోనే మృతినొందిరి. ఈ వ్యాధిలో ప్రేవులు ఆహారమునందలి సారమును గ్రహింపవు. రోగి తినుచునే కృశించును. నాలుక పొక్కి ఎఱ్ఱబాఱును, ముఖము పాలిపోవును, రక్తము నానాటికి నీరగును. సుబ్బారావుగారికిని అదే వ్యాధి సోకెను. పాశ్చాత్య వైద్యము పనిచేయలేదు. లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సచే బ్రదికెను. ఆ రోగమునకు మూలమేమో, విరుగుడేమో అప్పటికి లోకములో నెవ్వరికిని తెలియదు. ఆ ప్రశ్నను మనస్సున బెట్టుకొనియే ఈయన ఓడయెక్కెను.

కాకినాడలోని మల్లాడి సత్యలింగనాయకరుగారి ధర్మసంస్థ వాగ్దానము చేసిన సాయముతోను, మామగారు సమకూర్చిన ధనముతోను 1920 తరువాతి తొలి యేండ్లలో అమెరికాలోని బోస్టను నగరము చేరి, హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉష్ణదేశవ్యాధుల శాస్త్రమును చదివి 1924లో పట్టము పొందెను. చేతిలో సొమ్ము లేదు. రాత్రివేళ ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు కడుగు సేవకుని పని చేయుచు పగలు చదివెను. అక్కడనే సైరస్ ఫిస్క్ అను ఆచార్యునితో కలిసి రక్తమునందును మూత్రమునందును గల భాస్వరమును కొలుచు పద్ధతిని కనిపెట్టి 1925లో ప్రకటించెను. ఆ పద్ధతి వీరిద్దఱి పేరిటనే నేటికిని జీవరసాయన గ్రంథములలో నున్నది. కండరములకు శక్తినిచ్చు ఫాస్ఫోక్రియాటినును, సమస్త జీవకణములలోను శక్తి నాణెమువలె చెల్లుచుండు ఏ.టి.పి. అను పదార్థమును వీరు కనుగొనిరి. రెండవదానిని 1929లో జర్మనీ దేశస్థుడైన కార్ల్ లోమన్ కూడ వేఱుగా కనుగొనెను. ఇవి యొక్కొక్కటియే యొక జీవితమునకు చాలిన పనులు. అయినను సుబ్బారావుగారి ప్రశ్న వేఱు గనుక వానిని ఇంతతో విడుచుచున్నాను.

ఆ ప్రశ్న తెలియవలెనన్న కణముల సంగతి కొంత తెలియవలెను. ఇది ఎనిమిదవ తరగతి పిల్లలకైన అర్థమగునట్లు చెప్ప ప్రయత్నించెదను.

తల్లి గర్భమునందు మన మందఱము ఒకే కణముగా నారంభించితిమి. ఆ యొకటి రెండై, రెండు నాలుగై, నాలుగెనిమిదై పెరుగును. మొదట నొకదానికిని వేఱొకదానికిని భేదము కనబడదు. కొన్నాళ్లకు ఒకటి చర్మమగును, ఒకటి మెదడగును, ఒకటి గుండెకండరమై కొట్టుకొననారంభించును. అన్నిటిలోను ఒకే వంశలేఖ యున్నను, ఏ కణ మేది కావలెనో యెవరు నిర్ణయింతురు? సుబ్బారావుగారు హార్వర్డులో పట్టము పొందిన ఆ 1924 సంవత్సరమునందే జర్మనీలోని ఫ్రైబుర్గులో హాన్స్ ష్పేమన్ అను శాస్త్రజ్ఞుడును, ఆయన శిష్యురాలు హిల్డా మాంగోల్డును దీనికి గొప్ప సమాధాన మొకటి ప్రకటించిరి. న్యూట్ అను బల్లివంటి జలచరము పిండమునుండి ఒక చిన్న తునుకను గైకొని, వేఱొక పిండము కడుపువైపున నాటిరి. రెండు పిండములకు రంగు భేద ముండుటచే ఏ కణ మెక్కడిదో గుర్తుపట్ట వీలయ్యెను. నాటినచోట రెండవ వెన్నుపామును, రెండవ శరీరమును ఏర్పడెను. ఆశ్చర్యమేమనగా ఆ వెన్నుపాములోని కణములలో పెక్కులు నాటిన తునుకవి కావు. కడుపుతోలు కావలసియుండిన ఆతిథేయ కణములే పొరుగువాని సందేశము నందుకొని నాడీకణములైనవి. ష్పేమనుకు 1935లో నోబెల్ బహుమాన మిచ్చిరి. హిల్డా మాంగోల్డు తమ వ్యాసము అచ్చుపడకమునుపే 1924లోనే వంటయింటి అగ్నిప్రమాదమున చనిపోయెను. అప్పటి కామెకు ఇరువదియైదేండ్లు.

మన ప్రాంతపు మిట్టలమీద పడిన వానచినుకును తలచుకొనుడు. హంద్రిలోనికి జారినచో కర్నూలువద్ద తుంగభద్రలో కలిసి కృష్ణకు పోవును; కుందులోనికి జారినచో పెన్నను జేరును. మిట్టమీద నున్నంతసేపు రెండు త్రోవలును తెఱచియే యుండును. వంకలో పడి దిగినకొలదిని మఱలివచ్చుట అసాధ్యమగును. కణము తన గతిని నిర్ణయించుకొనుటయు నట్టిదే. ఇది పిండదశలోనే ముగియునది కాదు. మన యెముకల మూలుగలో మూలకణములు జీవితాంతము ఉండును. వానినుండియే ఎఱ్ఱ కణములు, తెల్ల కణములు, రక్తము గడ్డకట్టించు కణికలు వేర్వేఱు త్రోవలు పట్టును. ఎఱ్ఱ కణము సుమారు నూటయిరువది దినములే బ్రదుకును. కావున మన దేహము క్షణమునకు ఇరువది లక్షలకు పైగా క్రొత్త ఎఱ్ఱ కణములను చేయుచుండవలెను.

అయితే గతి నిర్ణయించుకొనుట వేఱు, ఆ గతిని జేరుట వేఱు. జొన్నవిత్తు జొన్నయే కావలెనని నిశ్చయించుకొని మొలచును. కంకిపట్టువేళ వాన లేనిచో అది జొన్నచొప్పగానే నిలిచిపోవుట మన రైతుబిడ్డలకు నేను చెప్పనక్కఱలేదు. మూలుగలోని కణమునకు ఫోలిక్ ఆమ్లము అట్టి వాన. కణము రెండు కావలెనన్న ముందుగా తన వంశలేఖకు నకలు వ్రాసికొనవలెను. ఆ నకలునందలి అక్షరములలో నొకటియైన థైమిను తయారగుటకు ఫోలిక్ ఆమ్లము కావలెను. అది లేనప్పుడు ఎఱ్ఱ కణము కాదలచిన కణము తన నిర్ణయమును మానుకొనదు. దేహము పెంచుకొనును, ఎఱుపు రంగును నింపుకొనును. కాని లోపలి కేంద్రము విభజింపబడక వెనుకబడును. అందుచే అది మితిమీఱి ఉబ్బి, మూలుగలోనే పెక్కులుగా నశించును. వెలుపలికి వచ్చిన కొలదిపాటి కణములు పెద్దవియు, దుర్బలమైనవియు నై యుండును. స్ప్రూ రోగుల రక్తములో కనబడునవి యివియే.

ఈ రోగరక్తమునకు విరుగుడు గలదని మొదట చూపినది ఇంగ్లండు దేశస్థురాలగు డాక్టరు లూసీ విల్స్. ఆమె 1928 నుండి బొంబాయిలో గర్భిణీస్త్రీల రక్తహీనతను పరీక్షించి, బట్టల మిల్లులలో పనిచేయు పేదస్త్రీలకు ఈస్టు సారము నిచ్చినచో వారు కోలుకొనుచున్నారని 1931లో ప్రకటించెను. ఆ సారములోని మూలద్రవ్యమేదో ఆమెకు తెలియదు. 1941లో అమెరికాలోని టెక్సాసు శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూరనుండి ఇట్టి పదార్థమును స్వల్పముగా తీసి ఫోలిక్ ఆమ్లమని పేరుపెట్టిరి. లాటిను భాషలో ఫోలియమనగా ఆకు. నాలుగు టన్నుల ఆకుకూరనుండి చిటికెడు వచ్చు మందును ఎవరు కొనగలరు? ఏ పేదరాలికి అందును?

సుబ్బారావుగారికి హార్వర్డులో స్థిరమైన ఆచార్యపదవి దొరకలేదు. 1940లో ఆయన న్యూయార్కు రాష్ట్రమునందలి పెర్ల్ రివరులో నున్న లెడర్లీ ఔషధశాలకు పోయి, త్వరలోనే పరిశోధనా విభాగమునకు అధిపతి యయ్యెను. అంతవఱకు ఎవరి సహాయకుడుగానో నుండిన మనుష్యుడు ఇప్పుడు రసాయనజ్ఞులను, సూక్ష్మజీవి శాస్త్రజ్ఞులను, వైద్యులను ఒక్కచోట కూర్చి పని నడపసాగెను. వారు ఫోలిక్ ఆమ్లమును శుద్ధిచేసి, దాని నిర్మాణము తెలిసికొని, 1945లో దానిని సామాన్య రసాయన ద్రవ్యములనుండి ప్రయోగశాలలో తయారుచేసిరి. ఆ వ్యాసముపై పదునాఱుగురి పేళ్లున్నవి. సుబ్బారావుగారి పేరు వాని నడుమ నొకటి. తనను ముందు నిలుపుకొను అలవాటు ఆయనకు లేదు. అది మంచిదో చెడ్డదో నేను చెప్పజాలను. దానివలన మన పాఠ్యపుస్తకములలో ఆయన పేరు చిరకాలము కనబడకుండెననుట మాత్రము సత్యము.

అదే యేట టామ్ స్పీస్ అను వైద్యుడు ఈ మందును రక్తహీనుల కిచ్చి గుణము చూపెను. స్ప్రూ రోగులును కోలుకొనిరి. పురుషోత్తము, కృష్ణమూర్తి చనిపోయి అప్పటికి పాతికయేండ్లు దాటినది. ఒక హద్దును గూడ చెప్పవలెను. ప్రాణాంతక పాండువను వేఱొక రోగమునకు కూడ ఇదియే మందగునని అప్పుడు ఆశించిరి. రక్తము బాగుపడెను గాని నరముల దౌర్బల్య మాగలేదు. ఆ రోగమునకు కావలసినది బి12 విటమిను అని 1948లో తేలెను.

ఇక ఈ చరిత్రములో నాకు మిక్కిలి విచిత్రముగా తోచిన ఘట్టము. బోస్టను నగరమున పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు ల్యుకేమియా సోకిన పిల్లలను చూచుచుండెను. ఆ రోగములో తెల్ల కణముల సంతతి కొన్ని తమ త్రోవలో నడిమధ్య నిలిచిపోయి, యౌవనమునకు రాని శిశుకణములుగానే యుండి, అంతులేక విభజించుచు మూలుగ నంతటిని ఆక్రమించును. అప్పటికి ఆ పిల్లలు వారములలో చనిపోవువారు. ఫోలిక్ ఆమ్లమునకు దగ్గఱి చుట్టమైన మందిచ్చినచో ఆ కణములు పక్వమగునేమో యని ఫార్బర్ యత్నించెను. రోగము తగ్గుటకు మాఱు వేగిరపడెను. వాన చేనికి పడినట్లే కలుపునకును పడినది. దానినిబట్టి వాననే ఆపినచో నేమగునని తలచి, ఫోలిక్ ఆమ్లముయొక్క రూపమును ధరించి కణమును మోసగించు విరోధి పదార్థములను కోరెను. సుబ్బారావుగారి ప్రయోగశాలవారు వానిని తయారుచేసి యిచ్చిరి. అందులో అమినోప్టెరిను అనుదానిని ఫార్బర్ పదునాఱుగురు పిల్లల కిచ్చి, పదిమందికి ఉపశమనము కలిగెనని 1948 జూన్ మాసములో ప్రకటించెను. మంచము విడువలేనివారు లేచి నడచిరి. ఆ మేలు కొన్ని నెలలే నిలిచెను. రోగము తిరిగి వచ్చెను. అయినను మందుచేత ల్యుకేమియా వెనుకకు తగ్గుట అంతకుముందు పిల్లలలో నెవరును చూచి యుండలేదు. దానికి తోబుట్టువైన మెథోట్రెక్సేటు నేటికిని వాడుకలో నున్నది. ఆ రోగములోని ముఖ్యమైన తెగ సోకిన పిల్లలలో, మంచి చికిత్స దొరకినచోట, పదింట తొమ్మండుగురు నేడు బ్రదుకుచున్నారు.

ఆ మందునే గర్భిణికి ఇచ్చినచో పిండమునకు హాని. కావున వైద్యులు గర్భిణులకు దాని నీయరు. కలుపును చంపుటకు ఆపిన వాన లేతమొలకకును ఆగును గదా.

లెడర్లీలో జరిగిన తక్కిన పనులను చుట్టుచూపుగా చెప్పెదను. బోదకాలునకు ఇచ్చు డైఇథైల్ కార్బమజిను మందు 1947లో అక్కడనుండియే వెడలినది. గోదావరీ తీరపు ఊళ్లలో బోదకా లెఱుగని వీధి పూర్వము లేదు. బెంజమిన్ డగ్గర్ అను వృద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు సుబ్బారావుగారి యాజమాన్యమున పనిచేయుచు, మట్టిలోని సూక్ష్మజీవినుండి టెట్రాసైక్లిను తెగలో మొదటిదగు ఆరియోమైసినును కనుగొని 1948లో ప్రకటించెను.

సుబ్బారావుగారు ఆ యేటనే, 1948 ఆగస్టులో, నిద్రలో గుండెయాగి మరణించిరి. వయస్సు ఏబదిమూడేండ్లు. ఫార్బరుగారి వ్యాసము వెలువడి అప్పటికి రెండుమాసములు.

ఆయన స్వదేశమునకు తిరిగి రానేలేదు. మూడేండ్లలో వత్తునని భార్య శేషగిరిగారితో చెప్పి వెళ్లెనందురు. ఆయన వెళ్లిన పిదప పుట్టిన కుమారుడు ఏడాదియైన నిండక పోయెను. తండ్రి వానిని చూడలేదు. ఒక పని ముగియకమునుపే మఱియొక పని మీద పడెను, తరువాత యుద్ధము వచ్చెను, సంవత్సరములు గడచెను. ఈయన చరిత్రమును వ్రాయువారు తఱచు ఈ సంగతిని త్యాగమని యొక్క మాటతో దాటిపోవుదురు. నేనట్లు దాటలేకున్నాను. ఆ త్యాగములో సగము ఇక్కడ ఇంటిలో కూర్చుండి ఉత్తరములకై ఎదురుచూచిన స్త్రీది. ఆమె దానిని కోరుకొనెనా యని యెవరును అడుగలేదు.

గౌరవములు ఆలస్యముగా వచ్చినవి. 1953లో ఒక శిలీంధ్రజాతికి సుబ్బరోమైసెస్ అని ఆయన పేరు పెట్టిరి. 1995లో శతజయంతి సందర్భమున భారత ప్రభుత్వము తపాలాబిళ్ల వెలువరించెను.

ఆయన చూడని ఫలిత మొకటి చెప్పి ముగించెదను. మన పై తరగతుల బాలికలును, వారి తల్లులును దీనిని శ్రద్ధగా చదువవలెనని నా మనవి. పిండమునందు మెదడును వెన్నుపామును కావలసిన కణములు మొదట చదునైన తట్టగా నుండి, అంచులు పైకిలేచి, గొట్టముగా మూసికొనును. ఆ వేళ కణములు మిక్కిలి వడిగా పెరుగవలెను. గొట్టము పూర్తిగా మూయనిచో బిడ్డ వెన్ను తెఱపితో పుట్టును, లేక మెదడే యేర్పడక చనిపోవును. 1991లో ఇంగ్లండువారు పలుదేశములలో జరిపిన పరీక్ష ప్రకటింపబడెను. అంతకుముందు అట్టి బిడ్డను కనిన తల్లులకు గర్భమునకు ముందునుండియే ఫోలిక్ ఆమ్ల మిచ్చినచో, నాలుగింట మూడువంతులకు దగ్గఱగా ఆ ఆపద తగ్గెను. గొట్టము మూసికొనుట గర్భము నిలిచిన ఇరువదియెనిమిదవ దినమునకే ముగియును. ఆ నాటికి తాను గర్భవతినని పెక్కు స్త్రీలకు తెలియను గూడ తెలియదు. ఆసుపత్రికి పోయి చీటి వ్రాయించుకొనునప్పటికి ఆ పని ముగిసిపోయి యుండును. కాబట్టి దేహములో ఆ నిలువ ముందుగానే యుండవలెను.

నంద్యాల నల్లరేగడిలో పండు శనగలయందును, వేరుశనగలయందును, తోటకూర, గోంగూర వంటి ఆకులయందును ఇది గలదు. కాని ఆకుకూరను మిక్కిలిసేపు ఉడికించి, ఆ నీటిని వంచి పాఱబోసినచో చాలవఱకు నీటితోనే పోవును. వేసవిలో మన ఊళ్లలో ఆకుకూర మాత్రము ఎందఱి యింట నుండును? పోయిన సంవత్సరము తొమ్మిదవ తరగతి బాలిక యొకతె, మాకు వివాహమై పిల్లలు కలుగుటకు ఎన్నో యేండ్లున్నవి గదా, ఈ మాత్ర ఇప్పుడేల యని నన్నడిగెను. రక్తము నేటికి కావలెనని మాత్రమే అప్పుడు చెప్పితిని. తక్కిన సగము ఇప్పు డిచ్చట వ్రాసితిని.